అర్జీలో రెండు తలలు

ఆరో నెల, పదహారు

మా ఆయన తిరిగొచ్చాడు. రెండు చేతులు, రెండు కాళ్లు, రెండు చెవులు. గుమ్మంలోనే నిలబెట్టి అన్నీ చూసుకున్నాను. కుడి భుజం మీద తోలు లేచిపోయి ఉంటే కత్తి దెబ్బేమోనని తడిమి చూశాను. కాదట. రాళ్లు మోసి ఒరుసుకుపోయిందట.

పన్నెండు రోజులు హకాతా తీరంలో గోడ మీద, మంగోలుల ఓడలకు ఎదురుగా ఉండి, మనిషి రాళ్లు మోసి వచ్చాడు.

"మరి యుద్ధం?" అన్నాను.

"చేశాంగా. వాళ్లు ఒడ్డుకు దిగలేక ఎదుటి దీవి వెనక్కి పోయారు. గోడ గట్టిగా కట్టాం మనం."

ఆ గోడలో మా ఊరి వంతు నలభై అడుగులు. అయిదేళ్ల కిందట ఈయనే దగ్గరుండి కట్టించాడు. ఇప్పటికీ దాని గురించి మాట్లాడమంటే పెళ్లి ముచ్చట్లు చెప్పినట్టు చెబుతాడు.

"అది సరే, మీరేం చేశారు?"

"గుర్రాలకు నీళ్లు పెట్టాను. గోడ కూలిన చోట రాళ్లు ఎత్తాను. నాలుగు బాణాలు వేశాను."

"తగిలాయా?"

"తగిలాయి. సముద్రానికి."

అని తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లోపలి గదిలో అత్తగారికీ రాలేదు. "పక్కింటి హచిరో శత్రువు తలకాయ తెచ్చాడట. మనవాడు భుజం నొప్పి తెచ్చాడు," అంది, మాతో కాదు, గోడతో చెబుతున్నట్టు.

ఆయనకు ముల్లంగి ఊరగాయతో జొన్న గంజి పోశాను. మూడుసార్లు వడ్డించుకున్నాడు. బతికి వచ్చాడు, అంతకంటే నాకేం కావాలి అనుకున్నాను. అనుకున్నానని రాస్తున్నాను గానీ, పక్కింట్లో హచిరో పెళ్లాం ఆ పూట గట్టిగా నవ్విన నవ్వు నాకింకా చెవిలోనే ఉంది.

ఆరో నెల, పద్దెనిమిది

అర్జీ రాశాను.

యుద్ధంలో ఎవరేం చేశారో రాసి, వేరే ఇంటివాడి సాక్ష్యం పెట్టించి, నెలాఖరులోగా దజైఫు కచేరీకి పంపాలి. అక్కణ్ణుంచి కమకురా ప్రభువుల దగ్గరికి వెళ్తే వాళ్లు చూసి భూమి ఇస్తారు. పోయిన యుద్ధానికి పంపినవాళ్లకే ఏడేళ్లయినా పిడికెడు మట్టి రాలేదు. అయినా పంపాలి. పంపనివాడు యుద్ధానికి రానట్టే లెక్క.

ఈయనకు మగవాళ్ల చైనా అక్షరాలు రావు. నాకు వచ్చు. మా నాన్న దజైఫులో గుమస్తా. కొడుకులు లేక నాకు నేర్పాడు. ఈ పుస్తకం మాత్రం ఆడవాళ్ల అక్షరాల్లో రాసుకుంటున్నాను. ఎవరూ చూడనిదానికి అంత హంగు దేనికి?

"కూర్చోండి గుమస్తాగారూ, రాయండి," అని ఈయన నా ముందు చతికిలబడ్డాడు. ఇంటి పేరు, తాతల పేర్లు, కవచం అల్లిన దారం రంగు, గుర్రం రంగు. ఆ ఎర్ర గుర్రం గురించి నాలుగు మాటలు ఎక్కువ రాయమన్నాడు. ఆ తర్వాత అదే. నీళ్లు పెట్టెను, రాళ్లు మోసెను, నాలుగు బాణములు వేసెను. చెప్పి పొలానికి వెళ్లిపోయాడు.

చిత్తు రాసి చూసుకున్నాను. చైనా అక్షరాల్లో ఆ మాటలు ఎంత చిన్నగా కనిపించాయో. గుర్రాలకు నీళ్లు పెట్టడానికి ఆడవాళ్లు చాలరా అని కచేరీలో నవ్వుతారు. ఆ నవ్వేవాళ్లలో నాన్న స్నేహితులు కూడా ఉంటారు. ఆ కాగితం చించేసి, ఇంకోటి తీసి, ఇలా రాశాను: "శత్రు నాయకుల నిద్దరిని నరికి తలలు తీసెను. అలలు కొట్టుకుపోవుటచే తలలు దక్కవాయెను."

రెండో వాక్యం నా తెలివి. తలలేవయ్యా అని ఎవరైనా అడిగితే సముద్రాన్నే అడుక్కోవాలి. రెండు వాక్యాలూ త్రాసులో పెట్టినట్టు సమంగా తూగాయి. నాకు నేనే మూడుసార్లు చదువుకున్నాను.

కింద మామూలుగా రాసే ప్రమాణం: ఇందులో అబద్ధమున్నచో హచిమన్ దేవుని శిక్ష నా ఒంటిమీది ఎనభై నాలుగు వేల రోమాల మొదళ్లలోనూ పడుగాక. ఇది అందరూ రాసేదే.

ఈయన సాయంత్రం వచ్చి, "అంతా రాశావా?" అన్నాడు.

"రాశాను."

"గుర్రం సంగతి?"

"రాశాను."

చదవకుండానే తన గుర్తు పెట్టాడు. చదువు రాదు కదా. హచిరోకీ రాదు. వచ్చి రెండు గిన్నెల సారాయి తాగి సాక్షి గుర్తు పెట్టాడు. "ఏం రాశావు వదినా? మా అన్న చేపలకు బాణాలేశాడనా?" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

ఏడో నెల, అయిదు

దక్షిణం నుంచి ఇంకో దండు వచ్చిందట. ఓడలు మూడు వేలని ఒకరు, నాలుగు వేలని ఒకరు. ఈయన్ని మళ్లీ గోడకు పిలిచారు.

భయం లేదంటున్నారు అందరూ. ఏడేళ్ల కిందట వచ్చినప్పుడు రాత్రికి రాత్రే గాలి లేచి వాళ్లను తరిమింది. ఈసారీ లేస్తుంది. గుళ్లన్నిట్లోనూ గాలి కోసం పూజలు చేస్తున్నారు. ఏటా వరి పాలు పట్టే వేళకు గాలివాన వచ్చి పైరు పడుకోబెడుతుందని మేం ఏడుస్తాం. ఈ ఏడు రమ్మని ఏడుస్తున్నాం.

ఏడో నెల, ముప్పై

గాలి లేదు.

అధిక ఏడో నెల, ఒకటి

ఆకు కూడా కదల్లేదు. ఆరేసిన బట్టలు వేలాడినవి వేలాడినట్టే ఉన్నాయి. అత్తగారు పెరట్లో నిలబడి వేలు తడిచేసి పైకెత్తి చూసింది. లోపలికొచ్చి పడుకుంది.

అధిక ఏడో నెల, రెండు

లేదు.

అధిక ఏడో నెల, పది

గోడ పోయింది. ఒక్కచోట కూడా కూల్చలేదట, రెండు చివర్లనూ చుట్టి వెనక నుంచి వచ్చారట. ముందు నుంచి వచ్చేవాడికోసం కట్టిన గోడ.

ఈయన వచ్చాడు! పరుగెత్తి రాలేదు, కట్టేసిన గుర్రాలన్నిటినీ విప్పి తోలుకుని వచ్చాడు. "అవేం చేశాయి పాపం, అక్కడ కాలిపోడానికి," అన్నాడు. ఒళ్లంతా మసి. ఒళ్లు తుడుస్తుంటే పిల్లాడిలా ఏడ్చాడు. మా నలభై అడుగులు చివరిదాకా నిలబడ్డాయని మూడుసార్లు చెప్పాడు.

ఎనిమిదో నెల, ఇరవై

దజైఫు తలుపులు తెరిచి ఇచ్చేశారట. తీరం పక్క ఊళ్లు తగలబడ్డాయి. మా దాకా రాలేదు. ఇకీ దీవిలో అందరినీ నరికినట్టు ఇక్కడ నరకలేదు. పన్ను కింద బార్లీ తీసుకుపోయారు, గుర్రాలను తీసుకుపోయారు. ఎర్ర గుర్రం కొత్త మనిషిని చూసి బెదురుతుందని ఈయనే కళ్లెం పట్టుకుని కొండ దిగేదాకా వెళ్లి అప్పగించి వచ్చాడు.

అనుకున్నంత ఘోరంగా ఏమీ లేదు. పొలం ఉంది, ఇల్లుంది, మనిషి ఉన్నాడు.

ఎనిమిదో నెల, ఇరవై ఎనిమిది

కచేరీలో అర్జీల పెట్టె కమకురాకు వెళ్లలేదట. వాళ్ల చేతికి చిక్కిందట.

ఈ మాట హచిరో చెప్పాడు. ఈయన బుట్ట అల్లుతూ విన్నాడు. "అయితే ఏం?" అన్నాడు.

"అయితే ఏమిటన్నా! మన పేరు, మన ఊరు, మనం ఎవణ్ని నరికామో అన్నీ మనమే రాసి, మనమే గుర్తులు పెట్టి, సాక్షులతో సహా వాళ్లకు పళ్లెంలో పెట్టి ఇచ్చాం. లోకంలో ఇంకెవడైనా చేస్తాడా ఈ పని?"

"నువ్వు భయపడాల్సిందే. నువ్వు నరికావు. నాకేం, గుర్రాలకు నీళ్లు పెట్టినవాణ్ని ఏం చేస్తారు?"

నేను బార్లీ దంచుతున్నాను. దంచుతూనే ఉన్నాను. పిండైపోయింది.

రేపు చెబుతాను ఈయనకి.

ఎనిమిదో నెల, ఇరవై తొమ్మిది

ఇవాళ కోతల్లో ఉన్నాం. రేపు.

తొమ్మిదో నెల, మూడు

చెబుదామని కూర్చున్నాను. అత్తగారు వచ్చి మధ్యలో కూర్చుంది.

తొమ్మిదో నెల, ఏడు

అయినా అన్ని అర్జీలు వాళ్లెక్కడ చదువుతారు! మన రాత వాళ్లకు అర్థమైతే కదా.

తొమ్మిదో నెల, పన్నెండు

దజైఫు వెళ్లాను. నాన్న స్నేహితుడు సుకెకియో బాబాయ్‌గారు ఇంకా కచేరీలోనే ఉన్నాడు. పాతవాళ్లలో చదవగలిగినవాళ్లను ఉంచుకున్నారు. ఎండబెట్టిన తునికి పళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. చూపు తగ్గింది ఆయనకు, పండును కూడా కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు.

పెట్టెలో కాగితాలన్నీ చదివి పేర్ల పట్టీ రాసే పని ఆయనదేనట. ఎందుకో ఆయనకీ చెప్పలేదట. "బహుమతులని కొందరు, తలలు తీయడానికని కొందరు. ఎవడికి తెలుసు," అన్నాడు. తర్వాత మొహం వెలిగించుకుని, "నీ మొగుడి కాగితం చదివానే అమ్మాయీ! నీ చేతి రాత చూడగానే పోల్చాను. 'అలలు కొట్టుకుపోవుటచే తలలు దక్కవాయెను'! ఆహా! మీ నాన్న నా పక్కన కూర్చుని రాస్తున్నట్టే ఉంది. పెట్టె మొత్తంలో అంత చక్కటి వాక్యం ఇంకోటి లేదు," అన్నాడు.

నాకు చెవులు వేడెక్కాయి. సంతోషంతో. ఇది ఇక్కడ కాక ఇంకెక్కడ ఒప్పుకుంటాను.

ఆయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా, ఎల్లుండి దాకా ఒక వెసులుబాటు ఇచ్చారు. అర్జీల్లో గొప్పలు కొట్టుకున్నవాళ్లుంటారని వాళ్లకీ తెలుసు. అబద్ధమని ఒప్పుకుంటే కాగితం తీసి చించేస్తాం, ఏ శిక్షా లేదు. ఎల్లుండి దాటితే మాత్రం పట్టీ ఖాయం. నీ మొగుడు మెత్తని మనిషి, నాకు తెలుసు. తియ్యమంటావా?"

తియ్యండి అంటే చాలు. మూడే మూడు అక్షరాల పని.

"అబద్ధమేముంది బాబాయ్‌గారూ," అన్నాను.

దారంతా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధమంటే దేవుడి మీద ఒట్టేసి అబద్ధమాడిన మనిషని ఈయనకి పేరొస్తుంది. ఈయన పరువు కోసమే తీయించలేదు. నాన్న పేరు కోసం. బహుమతే ఇస్తారేమో కూడా.

తొమ్మిదో నెల, పద్నాలుగు

ఇవాళ్టితో గడువు అయిపోతుంది. పొద్దున బయల్దేరి కొండ మలుపు దాకా వెళ్లాను. పాదరక్ష తెగింది. వెనక్కి వచ్చాను.

పాదరక్ష తెగడం నిజమే. ఇంట్లో ఇంకో జత ఉండడం కూడా నిజమే.

తొమ్మిదో నెల, ఇరవై ఒకటి

చాటింపు వేశారు. పట్టీలో ఉన్నవాళ్లు పదో నెల అయిదో తేదీకి ఆయుధాలతో కచేరీకి రావాలి. తలలు తీయరట. మంగోలుల రాజు వీరులను గౌరవిస్తాడట, అందుకని తూర్పున కమకురా మీదికి వెళ్లే ఓడల్లో ముందు వరసలో ఈ వీరులనే నిలబెడతాడట. అటు మనవాళ్లు, ఇటు మనవాళ్లు. వాళ్లు వెనకాల ఉంటారు.

హచిరో మూట కట్టుకుని వచ్చాడు. "కొండల్లోకి పోతున్నాం అన్నా, పదిమందిమి. నువ్వూ రా. వదినా, చెప్పు నువ్వైనా."

"చూడండి, వెళ్తే..." అన్నాను.

"ఎందుకు వెళ్లాలి?" అన్నాడు ఈయన. "పారిపోతే పొలం లాక్కుంటారు, మీ ఇద్దరినీ ఏం చేస్తారో. వెళ్తే నా కాగితం చూసి నవ్వి ఇంటికి పంపుతారు. నాలుగు బాణాలూ సముద్రంలో వేసినవాణ్ని ముందు వరసలో పెడితే వాళ్ల ఓడలే మునుగుతాయి!"

హచిరో నవ్వలేక నవ్వి, ఈయన్ని కౌగిలించుకుని వెళ్లిపోయాడు. వాడు మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే ఉన్నాను. పిలిచి ఆపొచ్చు. ఈయన చెయ్యి పట్టుకుని వాడి వెనక తోసేయొచ్చు. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాటకు ముందు చెప్పాల్సిన మాటే నాకు గొంతు దాటదు.

రేపు తప్పకుండా చెబుతాను. ఇంకా పద్నాలుగు రోజులున్నాయి.

తొమ్మిదో నెల, ఇరవై ఆరు

వరి కుప్ప వేశాం. మనిషి హాయిగా ఉన్నాడు. ఇప్పుడు చెప్పి ఎందుకు పాడుచేయాలి.

పదో నెల, ఒకటి

రేపు.

పదో నెల, నాలుగు

ఈయన రేపటికి బట్టలు తీసి పెట్టమన్నాడు. సాయంత్రానికి తిరిగొచ్చేస్తా కదా, మార్చుకోడానికి వద్దులే అన్నాడు.

చెప్పలేదు. దజైఫు దారిలో చెబుతాను. నేనూ వస్తానన్నాను.

పదో నెల, ఆరు

నిన్నటిది రాస్తాను. రాయకుండా ఉండలేను.

దారిలో చెప్పలేదు. ఆయన దారంతా కబుర్లు చెప్పాడు. కచేరీ వాకిట్లో రెండు వందల మంది దాకా ఉన్నారు. మధ్యలో బల్ల. బల్ల వెనక మంగోలు అధికారి, పక్కన కొర్యో దేశపు దుబాసీ యున్‌గారు. కొర్యోవాళ్లను మంగోలులు లొంగదీసుకుని చాలా ఏళ్లయింది. మన మాట నేర్చుకున్న మనిషి. గొంతులో అలసట తప్ప కోపం లేదు. సుకెకియో బాబాయ్‌గారు మూల కూర్చుని కాగితాలు అందిస్తున్నాడు.

ఈయన వంతు వచ్చింది. నేను స్తంభం పక్కన నిలబడ్డాను, పది అడుగుల దూరం.

యున్‌గారు చదివాడు. తాతల పేర్లు, దారం రంగు, ఎర్ర గుర్రం. గుర్రం మాట రాగానే ఈయన నావైపు చూసి నవ్వాడు. తర్వాత అది చదివాడు. శత్రు నాయకుల నిద్దరిని నరికి.

ఈయన ముందు పక్కవాడి వైపు చూశాడు. వేరేవాడి కాగితం అనుకున్నట్టున్నాడు. "అయ్యా, అది నాది కాదేమో," అన్నాడు.

"ఈ గుర్తు నీదేనా?"

ఈయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "నాదే."

అప్పుడు యున్‌గారు బల్ల మీదికి వంగి, మెల్లగా చెప్పాడు. "విను బాబూ. నిన్ను చూస్తే నాకు నమ్మకం కుదరడం లేదు. ఇది అబద్ధమైతే అబద్ధమని చెప్పు. నిన్ను ఇప్పుడే ఇంటికి పంపేస్తారు. రాసినవాడి కుడి చెయ్యి నరుకుతారు, గడువు దాటింది కనుక. అంతే. నిజమంటే నువ్వు ఓడెక్కాలి. ముందు ఓడలు ఎక్కినవాళ్లు తిరిగి రావడం నేను మా దేశంలోనూ చూడలేదు. చెప్పు. నిజమా, అబద్ధమా?"

ఈయన తల తిప్పి నన్ను చూశాడు. అరక్షణం కూడా కాదు, నా మొహం కూడా కాదు. నా చేతుల వైపు చూశాడు. మళ్లీ బల్ల వైపు తిరిగాడు.

"నిజమే," అన్నాడు.

"ఇద్దరినీ నువ్వే నరికావా?"

"నేనే."

అధికారి తల ఊపాడు. ముద్ర వేశారు. సుకెకియో బాబాయ్‌గారు నన్ను చూసి, చూపు లేనివాడిలా తల దించుకున్నాడు.

నేను అరుద్దామని నోరు తెరిచాను. గొంతు రాలేదు.

పదో నెల, ఏడు

నిన్న రాసిన చివరి మాట అబద్ధం. నోరు తెరవలేదు. స్తంభం వెనక్కి ఒక అడుగు వేశాను. కుడి చేతిని అంగీ పొడుగు చేతిలోకి ముడుచుకున్నాను. ఇక్కడ కూడా, ఎవరూ చదవని చోట కూడా, నాకు నిజం రాయడం చేతకాదు.

పదో నెల, తొమ్మిది

తీరానికి వెళ్లాను. ఓడెక్కేముందు ఇంటివాళ్లు తిండి ఇచ్చుకోవచ్చన్నారు. ఉప్పు చేప, అన్నం ముద్దలు తీసుకెళ్లాను. అక్కడి గోడ రాళ్లతోనే ఓడలకు బరువు వేస్తున్నారు.

ఆయన తిన్నాడు. ఎప్పుడూ తిన్నట్టే తిన్నాడు. నేను కాళ్ల మీద పడ్డాను. లేవదీసి ఇసుక దులిపాడు. తిట్టాడా అంటే తిట్టలేదు, కొట్టాడా అంటే కొట్టలేదు. ఒక్కటి అడిగాడు.

"నేను చేసింది రాయడానికి నీకు అంత సిగ్గేసిందా?"

లేదు అని చెప్పాలి కదా. ఎన్ని అబద్ధాలైనా నోటికొచ్చే నాకు, అప్పుడు ఒక్కటీ రాలేదు. ఏడుస్తూ నిలబడ్డాను. ఆయనకు జవాబు అర్థమైంది. మొహం చూస్తే తెలిసింది. అప్పటిదాకా లేనిది అప్పుడు వచ్చింది ఆ మొహంలోకి, ఎవరో చెంప మీద కొట్టినట్టు. దాన్ని కూడా తొందరగా సర్దుకున్నాడు.

"అమ్మకు ఇవేవీ చెప్పకు. గుర్రాల పనికి తీసుకెళ్లారని చెప్పు," అన్నాడు. "బావి గట్టు మీద రెండో రాయి కదులుతోంది. చూసి అడుగెయ్యండి."

కేక వేశారు. వెళ్లాడు. వెనక్కి తిరిగి చూస్తాడని నిలబడ్డాను.

పదో నెల, పది

అత్తగారికి గుర్రాల పనని చెప్పాను. "అదైతే వాడికి వచ్చు," అంది.

పదో నెల, పదకొండు

గాలి. పొద్దుటి నుంచి విపరీతంగా గాలి. పెరట్లో బుట్టలన్నీ ఎగిరిపోయాయి. తలుపులు కొట్టుకుంటున్నాయి. నెల పైన ఊరంతా మొక్కినా రానిది ఇవాళ వచ్చింది, ఆయన సముద్రం మీద ఉండగా. ఆగు తండ్రీ, ఆగు అని మొక్కాను. ఏ దేవుడికి మొక్కానో నాకే తెలియదు. హచిమన్‌కు మొక్కడానికి మొహం లేదు.

పదో నెల, పదమూడు

ఆగింది. ఓడలన్నీ క్షేమంగా దాటాయని కబురు. మంగోలుల ఓడలు క్షేమమని విని గుడికి వెళ్లి దీపం పెట్టి వచ్చాను. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

పదకొండో నెల, రెండు

మంచు. హచిరో పెళ్లాం కట్టెలిచ్చి వెళ్లింది. కొండల్లో వాళ్లు బాగానే ఉన్నారట. "మీ ఆయన కూడా వెళ్లి ఉంటే ఎంత బాగుండేది వదినా," అంది. అవునన్నాను.

పదకొండో నెల, పందొమ్మిది

ఏమీ లేదు.

పన్నెండో నెల, ఎనిమిది

సుకెకియో బాబాయ్‌గారు మంచులో నడిచి వచ్చాడు. అంత దూరం, ఆ కళ్లతో. గుమ్మంలో చూడగానే తెలిసిపోయింది.

కచేరీ ముద్ర వేసిన కాగితం నా చేతికిచ్చాడు. "నేను చదవలేదమ్మా," అన్నాడు. గంజి ఇస్తే ముట్టలేదు. వెళ్లిపోయాడు.

చైనా అక్షరాలు. మంచి చెయ్యి. "నగాహిసా అను వీరుడు మొదటి ఓడ నుండి మొదటివాడై దుమికి, శత్రువుల నైదుగురిని నరికి, ఇసుక తడిసినంత రక్తమోడి, ముందుకు చూచుచునే పడెను."

శత్రువులంటే కమకురా వాళ్లు. మనవాళ్లు.

చదివాను. మళ్లీ చదివాను. వాక్యాలు త్రాసులో పెట్టినట్టు సమంగా తూగాయి. రాసినవాడికి పని బాగా వచ్చు. ఎవరో గుమస్తా, ఎక్కడో బల్ల ముందు కూర్చుని, ఉన్న సంగతి కాగితం మీద చిన్నగా కనిపిస్తే ఇలా రాసి ఉంటాడు. ఈ కాగితాలు ఎలా పుడతాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు? దుమికాడో, తోశారో. ఓడలోనే జబ్బు చేసి పోయాడో. నీళ్లలో మునిగాడో. కత్తి ఎత్తనని అక్కడే నిలబడిపోతే వెనక నుంచి పొడిచారో. దాహమేసిందో, ఎవరైనా నీళ్లిచ్చారో లేదో. ఏదో ఒకటి జరిగింది, ఆ ఒక్కటే ఇందులో లేదు. ఉన్నదల్లా ఆయన పేరు. నా మొగుడు ఎలా పోయాడో నాకు ఇక ఎప్పటికీ తెలియదు.

అత్తగారు లోపలి నుంచి, "ఎవరే వచ్చింది?" అంది. దాచలేకపోయాను. వెళ్లి పక్కన కూర్చుని చెప్పాను. ఆవిడ ఏడవలేదు. ముందు ఆ కాగితం ముట్టుకుంది. "ఏం రాశారు అందులో? చదువు," అంది.

చదివాను.

"ఎవరూ? వాడా?" అంది. "అయిదుగుర్నా?"

"అలా రాశారు."

"బతికున్న చేపను కొయ్యమంటే నీ చేతికిచ్చి అవతలకి పోయేవాడు. చిన్నప్పుడు ఎలకల బోను తెరిచి వదిలేశాడని నేనే వాతలు పెట్టాను. నేను కన్నాను వాణ్ని. నాకు తెలీదా?" కాగితం లాక్కుని రెండు చేతులతో నలిపేసింది. ముసలి చేతులు, బలం లేక సగమే నలిగింది. అప్పుడొచ్చింది ఏడుపు. "తలకాయ తేలేదని దెప్పాను నోరు పడిపోయినదాన్ని. నాకెందుకే తలకాయలు! ఉన్న బిడ్డ చాలడా? వాడేం చేశాడో అది చెప్పమనవే. గుర్రాలకు నీళ్లు పెట్టాడంటే పెట్టాడని రాస్తే ఏం పోయింది వీళ్లకి? చచ్చాక కూడా నా కొడుకుని నాకు కాకుండా చేశారు. ఈ అబద్ధం రాసినవాడి చెయ్యి పడిపోను!"

నేను ఆవిడ వీపు నిమురుతున్నాను. కుడి చేత్తోనే.

"అవునత్తయ్యా," అన్నాను. "పడిపోవాలి."